టామ్ ఎల్. జాన్సన్

టామ్ లోఫ్టిన్ జాన్సన్ (1854 జూలై 18 - 1911 ఏప్రిల్ 10) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన పారిశ్రామికవేత్త, రాజకీయ నాయకుడు మరియు నగర పాలనా సంస్కర్త. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్లీవ్‌లాండ్ నగరానికి 1901 నుండి 1909 వరకు మేయరుగా పనిచేశాడు. ట్రాము కంపెనీల ద్వారా కోట్లు గడించిన ఇతడు, తరువాతి కాలంలో ట్రాములు ప్రజల ఆస్తిగా ఉండాలని, ప్రయాణ రుసుము మూడు సెంట్లకు మించరాదని పోరాడాడు. క్లీవ్‌లాండ్ నగర కేంద్రాన్ని కొత్తగా తీర్చిదిద్దిన 1903 నాటి గ్రూప్ ప్లాన్ కూడా ఇతని పాలనాకాలంలోనే రూపుదిద్దుకుంది. అమెరికా నగరాల చరిత్రలో అత్యుత్తమ మేయర్లలో ఒకనిగా చరిత్రకారులు ఇతనిని పరిగణిస్తారు.

తొలి జీవితం

జాన్సన్ కెంటకీ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్ సమీపంలో జన్మించాడు. తండ్రి పత్తి తోటల యజమాని. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన చేరి పోరాడాడు. 1865లో యుద్ధం ముగిసేనాటికి కుటుంబ ఆస్తి అంతా హరించుకుపోయింది. వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్ పట్టణంలో తలదాచుకున్న ఆ కుటుంబానికి పదకొండేళ్ళ టామ్ మొదటి సంపాదన తెచ్చిపెట్టాడు. ఆ ఊరికి వచ్చే రైలు కండక్టరు ఆ బాలునిపై అభిమానంతో, తన రైలులో వార్తాపత్రికలు తెచ్చి అమ్ముకునే అవకాశం అతనికి ఒక్కడికే ఇచ్చాడు. పోటీ లేనందున టామ్ పత్రికలను ఎక్కువ ధరకు అమ్మి ఐదు వారాలలో 88 డాలర్లు కూడబెట్టాడు. ఆ కండక్టరు మారగానే వ్యాపారం ఆగిపోయింది. గుత్తాధిపత్యం ఎంత లాభదాయకమో ఆ అనుభవమే తనకు నేర్పిందని జాన్సన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఇతనికి క్రమబద్ధమైన బడి చదువు దాదాపు ఒక్క సంవత్సరమే లభించింది. 1869లో లూయీవిల్ నగరంలో డ్యుపాంట్ కుటుంబీకుల ట్రాము కంపెనీలో చిన్న ఉద్యోగిగా చేరాడు. ఆనాటి ట్రాములు గుర్రాలు, కంచర గాడిదలు లాగేవి. ప్రయాణికులు ఇచ్చే డబ్బులు లెక్క తప్పకుండా ఉండేందుకు గాజు పలకలు అమర్చిన ఒక హుండీ వంటి పెట్టెను జాన్సన్ రూపొందించాడు. అందులో వేసిన నాణేలు ప్రయాణికులకూ, బండి నడిపేవానికీ కనిపించేవి. ఈ పెట్టెపై పొందిన పేటెంటు హక్కు ఇతని సంపదకు పునాది అయింది. 1874లో దూరపు బంధువైన మార్గరెట్ జాన్సన్‌ను వివాహమాడాడు.

వ్యాపార జీవితం

1876లో డ్యుపాంట్ కుటుంబీకుల నుండి అప్పు తీసుకొని ఇండియానాపోలిస్ నగర ట్రాము కంపెనీని కొన్నాడు. 1879లో క్లీవ్‌లాండ్ ట్రాము వ్యాపారంలో ప్రవేశించాడు. అక్కడ ఇతని ప్రధాన ప్రత్యర్థి మార్క్ హానా. ఇతడు తరువాత సెనేటరుగాను, అధ్యక్షుడు మెకిన్లీకి ముఖ్య అనుచరునిగాను పేరొందాడు. నగరం ఒక కొస నుండి మరొక కొసకు వెళ్ళే ప్రయాణికుడు బండి మారినప్పుడల్లా మళ్ళీ డబ్బు కట్టవలసి వచ్చే కాలంలో, జాన్సన్ ఒకే రుసుముతో ఊరు దాటించే సౌకర్యం కల్పించి ప్రత్యర్థులను ఇబ్బంది పెట్టాడు. డెట్రాయిట్, బ్రూక్లిన్ నగరాలలో కూడా ట్రాము వ్యాపారం చేశాడు.

ట్రాము పట్టాల కోసం తాను రూపొందించిన ప్రత్యేకమైన రైలు పట్టాను తయారుచేయడానికి పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో ఆర్థర్ మాక్సమ్‌తో కలిసి ఉక్కు కర్మాగారం స్థాపించాడు. 1889 మే 31న ఆనకట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణం కొట్టుకుపోయింది. 2,200 మందికి పైగా మరణించారు. ఆ విపత్తు తరువాత కొన్ని వారాలపాటు అక్కడి తన ట్రాములను జాన్సన్ ఉచితంగా నడిపాడు. పెద్ద భవనాలలో లిఫ్టు ఎక్కేందుకు ఎవరూ డబ్బు అడగనట్లే, నగరంలో ట్రాములు కూడా పన్నుల సొమ్ముతో ఉచితంగా నడవవచ్చునన్న ఆలోచన ఇతనికి ఈ అనుభవంతో బలపడింది. 1890లలో ఒహైయోలోని లొరేన్ పట్టణంలో మరొక కర్మాగారం నిర్మించాడు. 1898లో ఉక్కు వ్యాపారాన్ని ఫెడరల్ స్టీల్ కంపెనీకి అమ్మివేశాడు.

హెన్రీ జార్జ్ ప్రభావం

1880లలో ఒక రైలు ప్రయాణంలో హెన్రీ జార్జ్ రచించిన సోషల్ ప్రాబ్లమ్స్ అనే గ్రంథం జాన్సన్ చేతికి వచ్చింది. తరువాత అదే రచయిత ప్రఖ్యాత గ్రంథమైన ప్రోగ్రెస్ అండ్ పావర్టీని చదివాడు. జనాభా పెరిగి ఊరు అభివృద్ధి చెందినప్పుడు భూమి విలువ పెరుగుతుంది, ఆ పెరుగుదల యజమాని శ్రమ వల్ల వచ్చినది కాదు, సమాజం వల్ల వచ్చినది, కనుక దానిని పన్ను రూపంలో సమాజమే తీసుకోవాలి అన్నది జార్జ్ సిద్ధాంతం. ఈ వాదనలో తప్పు చూపమని జాన్సన్ తన న్యాయవాదిని కోరాడు. ఆయన చూపలేకపోయాడు.

ఈ సిద్ధాంతం జాన్సన్ వ్యాపారానికి నేరుగా వర్తిస్తుంది. వీధులు ప్రజలవి. ఆ వీధులలో పట్టాలు వేసి బండ్లు నడుపుకునే అనుమతిని నగర పాలక మండలి కొన్నేళ్ళకు ఒక కంపెనీకి ఇస్తుంది. దీనిని ఫ్రాంచైజీ అంటారు. ఊరు పెరిగేకొద్దీ ఆ అనుమతి పత్రం విలువ పెరుగుతుంది. దానిని దక్కించుకోవడానికి, పొడిగించుకోవడానికి కంపెనీలు రాజకీయ నాయకులను లోబరచుకుంటాయి. నగర పాలనలోని అవినీతికి మూలం లంచగొండి నాయకులు మాత్రమే కాదని, ఇటువంటి ప్రత్యేక హక్కులేనని జాన్సన్ నమ్మాడు. ఆ హక్కులతోనే తాను ధనవంతుడైనట్లు దాచకుండా చెప్పేవాడు.

జార్జ్ సలహాపై రాజకీయాలలో చేరిన జాన్సన్, 1886లోను 1897లోను న్యూయార్క్ మేయరు పదవికి జార్జ్ పోటీ చేసినప్పుడు అతనికి అండగా నిలిచాడు. 1890లో డెమోక్రటిక్ పార్టీ తరఫున అమెరికా కాంగ్రెస్ ప్రతినిధుల సభకు ఎన్నికై 1891 నుండి 1895 వరకు సభ్యునిగా ఉన్నాడు. స్వయంగా ఉక్కు పట్టాల తయారీదారుడై ఉండి కూడా, దిగుమతి అయ్యే ఉక్కు పట్టాలపై సుంకం తొలగించాలని సభలో వాదించాడు.

మేయరుగా

1901 ఏప్రిల్‌లో జాన్సన్ క్లీవ్‌లాండ్ మేయరుగా ఎన్నికయ్యాడు. 1900 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 3,81,768. దేశంలో ఏడవ పెద్ద నగరం. ఉక్కు, చమురు, నౌకా వ్యాపారాలతో వేగంగా పెరుగుతున్న ఆ నగరానికి తూర్పు ఐరోపా నుండి వలస కార్మికులు పెద్ద సంఖ్యలో వచ్చి చేరుతున్నారు.

అప్పటి నగర పాలకవర్గం సరస్సు తీరంలోని విలువైన నగర భూమిని రైల్వే కంపెనీలకు అప్పగించే తీర్మానం చేసింది. జాన్సన్ కోర్టు నుండి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తెచ్చి దానిని నిలిపివేయించాడు. ఆ ఉత్తర్వు గడువు ముగిసేలోగా, ఎన్నికైన మూడవ రోజునే, ఏప్రిల్ 4న, ఆర్భాటం లేకుండా పదవీ ప్రమాణం చేసి ఆ ఒప్పందాన్ని అడ్డుకున్నాడు.

జాన్సన్ సమర్థులైన సహచరులను ఎంచుకున్నాడు. న్యాయవాది న్యూటన్ బేకర్, మతబోధకుడు హారిస్ కూలీ, కార్మిక నేపథ్యం గల పీటర్ విట్, పండితుడు ఫ్రెడరిక్ హౌ, ఆర్థికవేత్త ఎడ్వర్డ్ బెమిస్ వారిలో ముఖ్యులు. బేకర్ తరువాతి కాలంలో క్లీవ్‌లాండ్ మేయరుగాను, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా యుద్ధ మంత్రిగాను పనిచేశాడు.

ఈ కాలంలో జరిగిన కొన్ని మార్పులు:

* ఉద్యానవనాలలో గడ్డిపై నడవరాదన్న బోర్డులను తొలగించి, పిల్లలకు ఆటస్థలాలు, పేదల వాడలలో స్నానశాలలు ఏర్పాటు చేశారు.
* చెత్త తొలగింపును కాంట్రాక్టర్ల నుండి తీసుకొని నగరమే నిర్వహించింది.
* ఖైదీలు, అనాథ వృద్ధులు, క్షయరోగుల కోసం కూలీ ఆధ్వర్యంలో వారెన్స్‌విల్‌లో విశాలమైన వ్యవసాయ క్షేత్రాన్ని నెలకొల్పారు.
* పక్క పక్క స్థలాలకు పన్ను విలువలు ఎంత అసమానంగా ఉన్నాయో పటాల ద్వారా ప్రజలకు చూపించారు.
* సౌత్ బ్రూక్లిన్ గ్రామాన్ని నగరంలో కలుపుకోవడం ద్వారా అక్కడి చిన్న విద్యుత్ కేంద్రం నగరపాలక సంస్థకు దక్కింది. నగర విద్యుత్ సంస్థకు అది నాంది.

జాన్సన్ ఎన్నికల సభలను పెద్ద గుడారాలలో జరిపేవాడు. గుడారాన్ని వాడ వాడకూ తరలించేవారు. సభలో ఎవరైనా లేచి మేయరును ప్రశ్నించవచ్చు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన కార్మికులు కూడా పన్నులు, ఫ్రాంచైజీలు వంటి విషయాలను ఈ సభలలోనే తెలుసుకున్నారు. పాత్రికేయుడు లింకన్ స్టెఫెన్స్ 1905లో క్లీవ్‌లాండ్‌ను దేశంలోకెల్లా ఉత్తమ పాలన గల నగరంగా వర్ణించాడు. అయితే 1903లో ఒహైయో గవర్నరు పదవికి పోటీ చేసి మైరన్ హెరిక్ చేతిలో జాన్సన్ ఓడిపోయాడు.

గ్రూప్ ప్లాన్

ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో క్లీవ్‌లాండ్‌కు కొత్త నగర కార్యాలయం, జిల్లా న్యాయస్థానం, గ్రంథాలయం, ఫెడరల్ ప్రభుత్వ భవనం అవసరమయ్యాయి. వీటిని తలా ఒకచోట కట్టకుండా ఒక విశాలమైన పచ్చిక మైదానం చుట్టూ నిర్మించాలన్న ప్రతిపాదనను జాన్సన్ బలపరచాడు. 1902లో ఒహైయో గవర్నరు ముగ్గురు వాస్తుశిల్పులతో ఒక సంఘాన్ని నియమించాడు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనకు రూపకల్పన చేసిన డేనియల్ బర్న్‌హామ్ దీనికి నాయకుడు. జాన్ కరేర్, ఆర్నాల్డ్ బ్రన్నర్ సభ్యులు.

ఈ సంఘం 1903 ఆగస్టులో నివేదిక సమర్పించింది. పబ్లిక్ స్క్వేర్ అనబడే నగర కూడలికి, సరస్సుకు మధ్య ఉన్న ప్రాంతంలో ఒకే ఎత్తు, ఒకే శైలి గల భవనాలను, వాటి నడుమ మాల్ అనే పొడవైన మైదానాన్ని ప్రతిపాదించింది. ఉత్తరపు కొసన, సరస్సు ఒడ్డున, పెద్ద రైల్వే స్టేషను నగరానికి సింహద్వారంగా ఉండాలని సూచించింది. వాషింగ్టన్ వెలుపల ఇటువంటి ప్రణాళిక ఇంత విస్తారంగా అమలైన తొలి నగరాలలో క్లీవ్‌లాండ్ ఒకటి.

నిర్మాణానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఫెడరల్ భవనం 1910లో, నగర కార్యాలయం 1916లో, పబ్లిక్ ఆడిటోరియం 1922లో, గ్రంథాలయం 1925లో పూర్తయ్యాయి. తొలి భవనం పూర్తయ్యేనాటికే జాన్సన్ పదవిలో లేడు. సరస్సు ఒడ్డున అనుకున్న రైల్వే స్టేషను రాలేదు. 1919లో ఓటర్ల ఆమోదంతో అది పబ్లిక్ స్క్వేర్‌కు మారి, 52 అంతస్తుల టెర్మినల్ టవర్‌తో కలిసి 1930లో ప్రారంభమైంది.

ఈ ప్రణాళికకు మరొక పార్శ్వం కలదు. మైదానం కోసం ఎంచుకున్న స్థలం ఖాళీ భూమి కాదు. అది అద్దె గదులు, సారా దుకాణాలు, చిన్న వ్యాపారాలతో కిక్కిరిసిన పాత వాడ. కూల్చివేతల వల్ల అక్కడి పేదలు వేరే చోట్లకు తరలిపోయారు. వారికి ప్రత్యామ్నాయ గృహాలు కల్పించడం ఆ ప్రణాళికలో భాగం కాదు.

మూడు సెంట్ల పోరాటం

క్లీవ్‌లాండ్‌లో ట్రాము రుసుము ఐదు సెంట్లు. మూడు సెంట్లకే బండ్లు నడపవచ్చునని జాన్సన్ వాదించాడు. ఆ వ్యాపారంలో ఆరితేరినవాడు కనుక లెక్కలతో నిరూపించగలిగాడు. నగరమే ట్రాములను సొంతం చేసుకోవడానికి అప్పటి ఒహైయో చట్టం అంగీకరించలేదు. అందుచేత తక్కువ రుసుముకు ఒప్పుకున్న కొత్త కంపెనీలకు అనుమతులిచ్చి, చట్టం మారినప్పుడు వాటిని నగరం తీసుకునేలా పథకం వేశాడు.

1903లో పాత కంపెనీలన్నీ క్లీవ్‌లాండ్ ఎలక్ట్రిక్ రైల్వే పేరిట ఏకమయ్యాయి. అప్పటి చట్టం ప్రకారం కొత్త పట్టాలు వేయాలంటే ఆ వీధి వెంబడి స్థలాలు గలవారి సమ్మతి కావాలి. సమ్మతి పత్రాల కోసం రెండు పక్షాలూ పోటీపడ్డాయి. కొత్త లైన్లను ఆపడానికి కోర్టుల నుండి యాభైకి పైగా నిషేధ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఎట్టకేలకు 1906 నవంబరు 1న మూడు సెంట్ల ట్రాము మొదటిసారి నడిచింది. ఆ పోరాటంలో జాన్సన్ తన సొంత ఆస్తిని కూడా హామీగా పెట్టాడు. మేయరుకు ఆ కంపెనీలలో స్వప్రయోజనం ఉందన్న విమర్శకు, కోర్టు వివాదాలకు ఇది దారితీసింది.

1907 ఎన్నికలలో రిపబ్లికన్ పార్టీ కాంగ్రెస్ సభ్యుడు థియోడర్ బర్టన్‌ను జాన్సన్‌పై నిలిపింది. జాన్సన్ నాలుగవసారి గెలిచాడు. దీనితో పాత కంపెనీ రాజీకి వచ్చింది. దాని వాటా విలువ 55 డాలర్లుగా నిర్ణయించి, వాటాదారులకు ఏటా 6 శాతం రాబడి చెల్లించే షరతుపై మొత్తం లైన్లను మునిసిపల్ ట్రాక్షన్ కంపెనీ కౌలుకు తీసుకుంది. లాభాపేక్ష లేకుండా ప్రజల తరఫున నడిపేందుకు ఏర్పడిన సంస్థ ఇది. 1908 ఏప్రిల్ చివరలో బదిలీ జరిగినప్పుడు ఒక రోజంతా నగరంలో ట్రాములు ఉచితంగా నడిచాయి.

ఓటమి

ఈ విజయం ఆరు నెలలు మాత్రమే నిలిచింది. పాత కంపెనీ వాగ్దానం చేసిన జీతాల పెంపు విషయంలో వివాదం రేగి, 1908 మే నెలలో ట్రాము కార్మికులు సమ్మె చేశారు. కార్మికుల పక్షపాతిగా పేరుపొందిన మేయరుకు ఇది పెద్ద దెబ్బ. 1907 ఆర్థిక సంక్షోభం వల్ల ఆదాయం తగ్గింది. ఖర్చు తగ్గించడానికి కొత్త యాజమాన్యం కొన్ని మార్గాలను మార్చింది, కొన్ని బండ్లను తగ్గించింది. అలవాటైన బండి రాకపోవడంతో సామాన్య ప్రయాణికులు కూడా విసుగు చెందారు.

కొత్తగా వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ఈ ఒప్పందంపై ప్రజాభిప్రాయ సేకరణ కోరే వీలు కలిగింది. ప్రత్యర్థులు సంతకాలు సేకరించారు. 1908 అక్టోబరు 22న జరిగిన ఓటింగులో అనుకూలంగా 37,644, వ్యతిరేకంగా 38,249 ఓట్లు వచ్చాయి. కేవలం 605 ఓట్ల తేడాతో జాన్సన్ జీవిత పోరాటం ఓడిపోయింది. ఏ ప్రజల తీర్పును గుడారపు సభలలో కోరుతూ వచ్చాడో, ఆ ప్రజల ఓటే ఇతనిని ఓడించింది. ట్రాములు కోర్టు నియమించిన రిసీవరు చేతికి వెళ్ళాయి. 1909 నవంబరులో జరిగిన మేయరు ఎన్నికలో హెర్మన్ బేర్ చేతిలో జాన్సన్ పరాజయం పొందాడు.

టేలర్ ఒప్పందం

ఈ వివాదాన్ని ఫెడరల్ న్యాయమూర్తి రాబర్ట్ టేలర్ పరిష్కరించాడు. టేలర్ ఒప్పందం అనబడే ఈ ఏర్పాటును 1910 ఫిబ్రవరిలో ఓటర్లు ఆమోదించారు. దీని ప్రకారం ట్రాములు ప్రైవేటు కంపెనీ చేతిలోనే ఉంటాయి. కాని వాటాదారులకు 6 శాతం మించి రాబడి ఉండదు. బండ్ల సంఖ్య, వేళలు నగరం నిర్ణయిస్తుంది. రుసుము మూడు సెంట్లతో మొదలవుతుంది. 5 లక్షల డాలర్ల నిధి ఒకటి ఏర్పరచి, అది 7 లక్షలు దాటితే రుసుము తగ్గించాలని, 3 లక్షల కంటే తగ్గితే పెంచాలని నియమం పెట్టారు. ట్రాములను నగరం కొనుగోలు చేసే హక్కు కూడా ఇందులో కలదు. యాజమాన్యం విషయంలో జాన్సన్ ఓడినా, లాభానికి హద్దు ఉండాలన్న అతని వాదన ఈ విధంగా నెగ్గింది.

చివరి రోజులు

పదవి వీడేనాటికి జాన్సన్ ఆరోగ్యం దెబ్బతిన్నది. సంపదలో అధికభాగం కరిగిపోయింది. ధనికుల వీధిగా పేరొందిన యూక్లిడ్ ఎవెన్యూలోని భవంతిని వదిలి చిన్న ఇంటికి మారాడు. చివరి నెలలలో తన ఆత్మకథను చెప్పి రాయించాడు. ఎలిజబెత్ హౌజర్ సంపాదకత్వంలో అది మై స్టోరీ పేరిట 1911లో, అతని మరణానంతరం పుస్తకంగా వెలువడింది.

1911 ఏప్రిల్ 10న, 56 సంవత్సరాల వయసులో, జాన్సన్ క్లీవ్‌లాండ్‌లో మరణించాడు. అంతిమయాత్రను చూసేందుకు వీధుల వెంబడి జనం బారులు తీరారు. కోరిక మేరకు ఇతనిని బ్రూక్లిన్‌లోని గ్రీన్-వుడ్ శ్మశానవాటికలో, హెన్రీ జార్జ్ సమాధి సమీపంలో ఖననం చేశారు.

వారసత్వం

నగరాలు తమ పాలనను తామే నిర్ణయించుకోవాలని జాన్సన్ కోరిన స్వపరిపాలనా హక్కు 1912లో ఒహైయో రాజ్యాంగ సవరణ ద్వారా లభించింది. అదే సంవత్సరం అతని శిష్యుడు బేకర్ మేయరు పదవి చేపట్టాడు. 1942లో క్లీవ్‌లాండ్ నగరం ట్రాము, బస్సు వ్యవస్థను కొనుగోలు చేసింది. జాన్సన్ మరణించిన 31 సంవత్సరాలకు అతని ఆశయం నెరవేరింది. 1954లో చివరి ట్రాము ఆగిపోయినా, 1955లో మెట్రో రైలు మార్గం ప్రారంభమై, 1968లో విమానాశ్రయం వరకు చేరింది. 1975 నుండి ఈ సేవలను ప్రాంతీయ రవాణా సంస్థ నిర్వహిస్తున్నది.

చరిత్రకారుడు మెల్విన్ హోలీ పండితుల అభిప్రాయాలు సేకరించి 1999లో ప్రచురించిన గ్రంథంలో, అమెరికా మేయర్లలో న్యూయార్క్‌కు చెందిన ఫియొరెల్లో లాగార్డియా తరువాత రెండవ స్థానం జాన్సన్‌కు దక్కింది.

పబ్లిక్ స్క్వేర్‌లో శిల్పి హెర్మన్ మాట్జెన్ రూపొందించిన జాన్సన్ కంచు విగ్రహం కలదు. కుర్చీలో కూర్చున్న ఆ విగ్రహం చేతిలో హెన్రీ జార్జ్ రచన ప్రోగ్రెస్ అండ్ పావర్టీ ఉంటుంది. 2008లో ప్రారంభమైన వేగవంతమైన బస్సు మార్గం ఈ కూడలి నుండే బయలుదేరి, ఒకప్పుడు జాన్సన్ నివసించిన యూక్లిడ్ ఎవెన్యూ గుండా సాగుతుంది.